మిల్లు సాఫ్ట్‌వేర్‌కు ఏ డెవలప్‌మెంట్ మోడల్: వాటర్‌ఫాలా, స్క్రమ్మా, ఇంకోటా?

పానగల్లు_తొవ్వ

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లుకు సాఫ్ట్‌వేర్ చేసేదుంది. వడ్ల లారీ గేటుకు వచ్చిన కాడి నుంచి బియ్యం లారీ బయటికి పోయేదాక మొత్తం లెక్క. కాటా, తేమ, తరుగు, స్టాక్, సీఎంఆర్ లెక్క (సర్కారు వడ్లు మిల్లాడించి బియ్యం తిరిగి అప్పజెప్పేది), జీఎస్‌టీ బిల్లులు, టాలీకి (ఖాతాల సాఫ్ట్‌వేర్) పంపుడు అన్నీ ఉన్నయ్. టీమ్ 5 మంది: కోడ్ రాసేటోళ్లు 3, టెస్టింగ్‌కు 1, మిల్లు కాడ తిరిగేటందుకు 1. ధర ఫిక్స్. వానాకాలం వడ్లు అక్టోబరు ఆఖర్ల మొదలైతయ్, అంటే చేతిల 17 వారాలు.

అంతా ఒక్కసారి కాగితం మీద రాసి సంతకాలైనంకనే పని మొదలువెట్టుండ్రి అంటడు మిల్లు సేటు, అంటే వాటర్‌ఫాల్. టీమ్‌ల ఇద్దరు స్క్రమ్ (చిన్న చిన్న విడతలుగ చేసి చూపించుకుంట పోవుడు) అంటున్నరు, ఒకరు వీ మోడల్ (ప్రతి దశకు జతగ ఒక టెస్టింగ్) అంటున్నరు. పుస్తకంల ఉండే లాభనష్టాల పట్టిక వద్దు. ఈ పనికి ఏది ఎందుకు నడుస్తది, ఏడ ఆగుతది, అది చెప్పుండ్రి.

కృష్ణా_వరద

స్క్రమ్ పెట్టండి, రెండు వారాల స్ప్రింట్లు (పని విడతలు). 2020 స్క్రమ్ గైడ్ ప్రకారం టీమ్ సాధారణంగా 10 మంది లేదా అంతకంటే తక్కువ, స్ప్రింట్ నెలకు మించకూడదు. మీ 5 మందికి సరిగ్గా సరిపోతుంది. నెల స్ప్రింట్‌కు ప్లానింగ్ గరిష్ఠంగా 8 గంటలు అంటారు. రెండు వారాలకు అందులో సగం చాలు. రోజూ 15 నిమిషాల మాట. రెండు వారాలకోసారి మిల్లులో కూర్చుని నడిచే స్క్రీన్ చూపించాలి, స్లైడ్లు కాదు.

వాటర్‌ఫాల్‌లో మిల్లు వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి చూసేది 14వ వారంలో. అప్పుడు "ఇది కాదు మేం చెప్పింది" అంటే మీ దగ్గర మిగిలేది మూడు వారాలు.

పిల్లలమర్రి_నీడ

ఒక్క మోడల్ పేరు చెప్పి మొత్తం పనికి తొడిగితే ఎక్కడో చోట బిగుతవుతుంది. ముందు పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు ప్రశ్నలు వేయండి. ఏం కావాలో ఇప్పటికే తేలిపోయిందా? తేలింది తర్వాత మారితే ఖర్చు ఎంత?

సీఎంఆర్ లెక్క తేలిన విషయం. క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలి. దీనికి స్ప్రింట్లు, ఫీడ్‌బ్యాక్ ఏమీ అక్కర్లేదు. రాయండి, పరీక్షించండి, ముగించండి. వాటర్‌ఫాల్ ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. గేటు దగ్గర గుమస్తా వాడే స్క్రీన్ అట్లా కాదు. అతను వాడి చూసేదాకా అతనికే తెలియదు. అక్కడ మళ్లీ మళ్లీ చూపించి సరిచేయాల్సిందే. కాటాను కంప్యూటర్‌కు కలపడం మూడో రకం. ఏం కావాలో స్పష్టంగా తెలుసు, అవుతుందో లేదో తెలియదు. దానికి సాఫ్ట్‌వేర్ నిపుణుడు బ్యారీ బోమ్ చెప్పిన స్పైరల్ మోడల్ ఆలోచన తీసుకోండి. 1986లో ఆయన ప్రతిపాదించినదాని ప్రాణం ఒక్కటే: ప్రతి చుట్టులో మిగిలిన వాటికంటే పెద్ద ప్రమాదాన్ని ముందు పట్టుకుని తేల్చుకోవడం.

ఇంకో మాట. వాటర్‌ఫాల్‌కు మూలమని చెప్పే విన్‌స్టన్ రాయిస్ 1970 పేపర్‌లో ఆ పేరే లేదు. మెట్లు మెట్లుగా దిగే బొమ్మ గీసి, ఇలాగే అమలు చేస్తే ప్రమాదమని ఆయనే రాశాడు. కొత్త రకం ప్రోగ్రాం అయితే చిన్న నమూనా ఒకటి ముందు కట్టి, దాని తర్వాత అసలుది కట్టమన్నాడు. పేపర్ చివరిదాకా చదవకుండా ఆ మెట్ల బొమ్మను ప్రమాణం చేసుకున్నవాళ్లది ఈ గొడవంతా.

ఎడమకాలువ

కాటా గురించి సరిగ్గ అన్నరు. దాన్ని 10వ వారానికి పెట్టుకుంటే మునుగుతరు. మొదటి వారంలనే లాప్‌టాప్ పట్టుకొని మిల్లుకు పోవాలె.

కాటా ఇండికేటర్ (బరువు చూపే డబ్బా) వెనక ఆర్‌ఎస్-232 అనే సీరియల్ పోర్ట్ ఉంటది, దాని నుంచి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి కంప్యూటర్‌కు తీసుకుంటరు. ఏడేడ తప్పుతదో చెప్త. బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఇండికేటర్ల 2400 ఉండి మీ ప్రోగ్రాంల 9600 ఉంటే పిచ్చి అక్షరాలు వస్తయ్. అది కండ్లకు కనవడ్తది, దానితోని భయం లేదు. భయమంతా కనవడని తప్పుతోని. చాలా ఇండికేటర్లు బరువును ఆగకుండ పంపుతనే ఉంటయ్. మీ ప్రోగ్రాం లైన్ నడుమ నుంచి చదువుడు మొదలువెడితే 24860 బదులు 860 వస్తది. అది కూడా సరైన అంకె లెక్కనే కనవడ్తది. అందుకే లైన్ మొదలు గుర్తు వచ్చేదాక వచ్చినవన్నీ పారేయాలె, ఆఖరు గుర్తు వచ్చినంకనే అంకెను నమ్మాలె. లారీ ఎక్కంగనే బరువు ఊగుతది, వరుసగ మూడు సెకండ్లు ఒకటే అంకె వస్తేనే తీసుకోవాలె. కన్వర్టర్‌ను వేరే సాకెట్‌ల పెడితే కామ్ 3 పోయి కామ్ 5 అయితది. పోర్ట్ నంబర్‌ను కోడ్‌ల రాయొద్దు, సెట్టింగ్‌ల పెట్టుండ్రి. కొన్ని ఇండికేటర్లు ప్రింట్ బటన్ ఒత్తితేనే పంపుతయ్. మీదేదో పోయి చూస్తే గాని తెల్వది.

ఇంకోటి. మొదటి తూకమే గ్రాస్ (సరుకుతోని లారీ బరువు) అనుకొని టేబుల్ కట్టకుండ్రి. వడ్ల లారీ నిండుగ వచ్చి ఖాళీగ పోతది. బియ్యం, తవుడు, నూకల లారీ ఖాళీగ వచ్చి నిండుగ పోతది. తూకం 1, తూకం 2 అని పెట్టుకొని, పెద్దది గ్రాస్, చిన్నది టేర్ (ఖాళీ లారీ బరువు) అని లెక్క కట్టాలె. రెండు తూకాల నడుమ కరెంటు పోతే మొదటి తూకం పోవద్దు. తీసుకున్న క్షణంల డిస్క్ మీదికి ఎక్కాలె.

టెస్టర్_జడ్చర్ల

వీ మోడల్‌ను టీమ్‌లో ఒకరు ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతోంది. దాన్నుంచి మీరు తీసుకోవాల్సింది ఒక్క అలవాటు: అవసరం రాసిన రోజే దాని అంగీకార పరీక్ష (అడిగింది ఇదేనని మిల్లు వాళ్లు ఒప్పుకునే పరీక్ష) రాయడం. సిస్టమ్ డిజైన్ రాసినప్పుడు సిస్టమ్ టెస్ట్, ఆర్కిటెక్చర్‌కు ఇంటిగ్రేషన్ టెస్ట్, మాడ్యూల్ డిజైన్‌కు యూనిట్ టెస్ట్ అనే జతలు పుస్తకంలో ఉంటాయి. విమానం సాఫ్ట్‌వేర్‌కో, వైద్య పరికరానికో అన్ని జతలకూ కాగితాలు కావాలి. మిల్లుకు మొదటి జత చాలు.

ఎందుకు చాలు అంటున్నానో అంకెల్లో చూడండి. మిల్లు వాళ్లు చెప్పే అవసరం: "నికర తూకం నుంచి సంచుల బరువు తీసేయాలి." వినడానికి పూర్తిగానే ఉంది. ఇప్పుడు పరీక్ష రాయండి. గ్రాస్ 25,090, టేర్ 9,340, నికరం 15,750 కిలోలు. సంచులు 388. సంచికి 600 గ్రాముల చొప్పున 232.8 కిలోలు తీస్తే వడ్లు 15,517.2. లారీతో వచ్చే ట్రక్ షీట్‌లో మాత్రం 388 సంచులు, 40 కిలోల చొప్పున 15,520 అని ఉంటుంది. స్టాక్‌లో ఏది ఎక్కాలి? ఆ 2.8 కిలోలు ఎక్కడ చూపాలి? కాటా 10 కిలోల మెట్టుతో చదువుతుంటే దశాంశం ఉంచడంలో అర్థముందా, లేక రౌండ్ చేయాలా? సంచి పాతదైతే బరువు వేరా? పరీక్ష రాయబోతేనే నాలుగు ప్రశ్నలు బయటపడ్డాయి. ఇవి 15వ వారంలో బయటపడితే మూడు టేబుళ్లు మార్చాలి. మొదటి వారంలో అయితే ఒక ఫోన్.

తేమకు కూడా అంతే. గరిష్ఠం 17 శాతం. పరీక్షలు 16.9, 17.0, 17.1 మూడింటికీ ఉండాలి. 17.0 దగ్గర ప్రోగ్రాం ఏం చేస్తుందో మిల్లు వాళ్లతో నోటితో చెప్పించి రాసుకోండి. తరుగు ఎవరు వేశారు, ఎప్పుడు, ఏ కారణంతో, ఈ మూడూ లేకుండా ఎంట్రీ సేవ్ కాకూడదు. రేపు రైతు అడిగినా, అధికారి అడిగినా జవాబు స్క్రీన్ మీద ఉండాలి.

సీఎస్‌ఈ_మూడో_ఏడు

సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇంక్రిమెంటల్, ఇటరేటివ్ రెండూ ఒకటే అన్నట్టు మా నోట్సులో ఉంది. ఈ మిల్లు పనిలో తేడా ఎట్ల కనిపిస్తది? ప్రోటోటైప్ మోడల్ ఇందులో ఎక్కడ వస్తది?

పిల్లలమర్రి_నీడ

తమ్ముడూ, జూలైలో వడ్ల రాక పూర్తిగా ఇచ్చి, ఆగస్టులో బియ్యం పోక ఇచ్చి, సెప్టెంబరులో సీఎంఆర్ ఇస్తే ఇంక్రిమెంటల్. ప్రతి ముక్కా వచ్చినప్పుడే పూర్తిగా వస్తుంది. వడ్ల రాక స్క్రీనే మొదట లారీ నంబరు, తూకంతో వదిలి, గుమస్తా వాడకం చూసి తేమ, తరుగు చేర్చి, మళ్లీ వరుస మార్చి ఇస్తే ఇటరేటివ్. అసలు పనిలో రెండూ కలిసే నడుస్తాయి.

ప్రోటోటైప్ రెండు రకాలు. పారేసేది ఒకటి, పెంచుకుంటూ పోయేది ఇంకొకటి. గేటు స్క్రీన్‌కు పారేసేదే మంచిది: ఎ4 కాగితం మీద గీసి గుమస్తా ముందు పెట్టి, ఇప్పుడే లారీ వచ్చింది, ఏది ముందు నొక్కుతావు అని అడగడం. ఎందుకు కాగితం అంటే, అదే నడిచే స్క్రీన్‌గా చూపిస్తే "బాగుంది కదా, రేపటి నుంచి ఇదే పెట్టండి" అంటారు. బ్యాకప్ లేని, లాగిన్ లేని ఆ అట్టముక్క అసలు సాఫ్ట్‌వేర్‌గా కూర్చుంటుంది.

దేవరకొండ_డీబీ

మోడల్ ఏదైనా సరే, మారే అంకె కోడ్‌లో ఉండొద్దు. 2024-25లో వడ్ల మద్దతు ధర సాధారణ రకం 2,300, ఏ గ్రేడు 2,320. 2025-26కు 2,369, 2,389 అయ్యాయి. సన్నాలకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ 2024 వానాకాలంలో వచ్చింది. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు సంచులకు 5 శాతం జీఎస్‌టీ 2022 జూలై 18 నుంచి వచ్చింది. అంతకుముందు బ్రాండు ఉందా లేదా అన్నదాన్ని బట్టి పన్ను. అంటే అంకె ఒక్కటే మారలేదు, షరతే మారింది.

ప్రతి ధరకు, ప్రతి పన్నుకు "ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా" రెండు కాలమ్‌లు పెట్టండి. పాత బిల్లు మళ్లీ ప్రింట్ చేస్తే పాత రేటే రావాలి. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో పూర్ణాంకంగా దాచండి. ఫ్లోట్ (దశాంశ రకం) పెడితే 232.8 ఎక్కడో 232.7999 అయి నెలాఖరు మొత్తంలో తేడా చూపిస్తుంది. స్కీమా (డేటా టేబుళ్ల అమరిక) ఒక్కటి మాత్రం ముందే కూర్చుని ఆలోచించాల్సిన విషయం. స్ప్రింట్‌కో టేబుల్ పెంచుకుంటూ పోదాం అనే అజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతుల ఉమ్మడి పేరు) భక్తులతో నాకు పడదు. స్క్రీన్ మార్చడం గంట పని. సీజన్ నడుమ, డేటా నిండిన టేబుల్ మార్చడం రాత్రంతా పని.

కృష్ణా_వరద

స్కీమా ముందే ఆలోచించొద్దని అజైల్ ఎక్కడా చెప్పలేదన్నా. 2001 ఫిబ్రవరిలో యూటాలో కలిసిన 17 మంది రాసుకున్న అజైల్ మేనిఫెస్టోలో ఉన్నది 4 విలువలు, 12 సూత్రాలు. సమగ్రమైన డాక్యుమెంట్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ అన్నారు గానీ డాక్యుమెంట్ వద్దనలేదు. ఆ 12లోనే మంచి డిజైన్ మీద ఎప్పుడూ శ్రద్ధ ఉండాలని కూడా ఉంది.

పిల్లలమర్రి_నీడ

అది వదిలేసి వారాలు లెక్కేద్దాం. 17లో మొదటి 3 కాటా, కరెంటు, స్కీమా తేల్చుకోవడానికి. చివరి 4 మిల్లులో పాత పుస్తకంతో పక్కపక్కన నడపడానికి, నేర్పడానికి. నడుమ 10 వారాలు, అంటే 5 స్ప్రింట్లు. ముగ్గురు కోడర్లు, స్ప్రింట్‌కు 10 పనిదినాలు: 30 రోజులు. సెలవులు, ఫోన్లు, పాత తప్పులు దిద్దడం పోగా 19 మిగిలితే గొప్ప. ఐదు స్ప్రింట్లకు 95 కోడింగ్ రోజులు.

కాటా కాకుండా మీ జాబితాకు నా అంచనా: వడ్ల రాక 15, బియ్యం పోక 12, తరుగు నియమాలు 10, స్టాక్ 18, సీఎంఆర్ 14, జీఎస్‌టీ బిల్లులు 16, టాలీ 8, రిపోర్టులు 15, లాగిన్లు-బ్యాకప్ 10. మొత్తం 118. ఇంకా కోడ్ రాయకముందే 23 రోజులు ఎక్కువైంది. టాలీ, రిపోర్టులు సీజన్ తర్వాతకు జరిపితే సరిగ్గా 95 అవుతుంది.

కృష్ణా_వరద

95కు 95 పెడితే ఒక్క మనిషికి జ్వరం వస్తే తేదీ పోతుంది. అజైల్‌లోనే ఒకటైన డీఎస్‌డీఎం పద్ధతిలో తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటొద్దంటారు. ఇక్కడ 57 రోజులు. వడ్ల రాక, బియ్యం పోక, తరుగు, సీఎంఆర్, లాగిన్లు-బ్యాకప్ కలిపితే 61. కాస్త ఎక్కువే గానీ ఫరవాలేదు. స్టాక్ రెండో వరుస. జీఎస్‌టీ బిల్లులు ఈ సీజన్‌కు వాళ్లు ఇప్పుడు కొడుతున్న టాలీలోనే కొట్టుకోనివ్వండి. తేదీ కదలదు, మనుషులు పెరగరు, కాబట్టి కదలాల్సింది పని జాబితానే.

నా 19 నిజమా కాదా అనేది మొదటి రెండు స్ప్రింట్లలో తెలుస్తుంది. 14 వస్తే మూడో స్ప్రింట్‌కు 14 పనే తీసుకోండి, 19 కాదు.

టెస్టర్_జడ్చర్ల

19 నీది కాదు, పిల్లలమర్రి గారిది 🙂 లెక్క మాత్రం ఒప్పే. ఒక చేర్పు: ఒక్క టెస్టరే ఉంటే స్ప్రింట్ చివరి రెండు రోజుల్లో ముగ్గురి పనీ ఒకేసారి వచ్చి పడుతుంది. అది స్ప్రింట్ వేషం వేసుకున్న చిన్న వాటర్‌ఫాల్. ఒక పని కోడ్ అయిన రోజే టెస్టింగ్‌కు రావాలి. పనులు రెండు, మూడు రోజులకు మించకుండా కోసుకోండి.

పానగల్లు_తొవ్వ

మస్తు పనికొచ్చింది. రెండు అనుమానాలు. ఫిక్స్‌డ్ ధర ఒప్పందంల స్ప్రింట్లు ఎట్ల కూర్చుంటయ్? సేటు సీజన్ పనుల్ల దొరకడు, ప్రోడక్ట్ ఓనర్ ఎవరు?

ఎడమకాలువ

రెండో దానికి ముందు చెప్త. పని తెలిసినోడు గుమస్తా, తేల్చి చెప్పేటోడు సేటు. స్క్రమ్‌ల ప్రోడక్ట్ ఓనర్ అంటే తేల్చి చెప్పే అధికారం ఉన్నోడే కావాలె. గుమస్తాను కూర్చోబెట్టి అన్నీ ఖాయం చేస్తే, ఆఖరుకు సేటు వచ్చి ఒక్క మాటతోని తీసేస్తడు. మొదటి రోజే రాయించుకోండ్రి: స్క్రీన్ల వరుస, పేర్లు, ప్రింట్ కాగితం గుమస్తా ఇష్టం. రేట్లు, తరుగు నియమం, ఎవరికి ఏది కనవడాలె అన్నది సేటు ఇష్టం. సేటుతోని వారానికి అరగంట, తారీఖు ముందే ఖాయం. రాకుంటే గుమస్తా మాటే చెల్లుతది అని కూడా రాయుండ్రి.

ఒప్పందం గురించి. మోడల్‌ను నిజంగ ఖాయం చేసేది పైసలు వచ్చే వరుస. "డిజైన్ కాగితానికి 30 శాతం, డెలివరీకి 70 శాతం" అని రాసుకుంటే మీరు ఏ మోడల్ పేరు పెట్టుకున్నా నడిచేది వాటర్‌ఫాలే. ఎందుకంటే అందరి కండ్లు ఆ రెండు తారీఖుల మీదనే ఉంటయ్. పైసలను నడిచే ముక్కలకు కట్టుండ్రి: కాటా చదివి చూపిస్తే ఇంత, వడ్ల రాక మిల్లుల వారం నడిస్తే ఇంత, సీఎంఆర్ లెక్క పాత పుస్తకంతోని కలిస్తే ఇంత, సీజన్ అయిపోయినంక మిగిలింది. సేటుకు కూడా ఇదే లాభం, చూసినంకనే ఇస్తడు. ఆయన అడిగే సంతకం కాగితం కూడా ఇయ్యుండ్రి, గాని అండ్ల ముక్కల పేర్లు, హద్దులు, జడ్చర్ల మేడం చెప్పిన అంకెల పరీక్షలు ఉండాలె. స్క్రీన్ల బొమ్మలు ఉండొద్దు. కొత్తది అడిగితే అంతే రోజుల పని ఇంకోటి ఇంకా మొదలుపెట్టనిది బయటికి పోవాలె అని ఒక షరతు.

దేవరకొండ_డీబీ

పక్కపక్కన నడపడం చివరి 4 వారాలు, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అంటున్నారు. అప్పుడు వడ్లు రావు కదా, ఏం తూస్తారు?

ఎడమకాలువ

యాసంగి వడ్ల మిల్లింగ్ అప్పటికి నడుస్తనే ఉంటది. బియ్యం, తవుడు, నూకలు, ఊక లారీలు పోతనే ఉంటయ్. బియ్యం పోకను ముందు స్ప్రింట్‌ల పెట్టుకుంటే అసలు లారీలతోనే రెండు తూకాల లెక్క, ప్రింట్, కరెంటు పోయి వచ్చుడు అన్నీ తేలుతయ్. వడ్ల రాకకు పోయిన సీజన్ ట్రక్ షీట్లు ఒక కట్ట తెచ్చుకొని ఎక్కించి, మొత్తాలు పుస్తకంతోని సరిచూసుకోండ్రి.

పిల్లలమర్రి_నీడ

నవంబరు మొదలయ్యాక స్క్రమ్ ఆపేయండి. గేటు దగ్గర లారీలు వరుస కట్టి ఉంటే స్ప్రింట్ ప్లాన్ మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. కాన్‌బాన్ బోర్డుకు (పనులను చీటీలుగా వరుసల్లో పెట్టి చూసుకునేది) మారండి. చేతిలో ఉన్న పనులకు హద్దు పెట్టడమే దాని అసలు. లిటిల్ సూత్రం ప్రకారం చేతిలో 12 పనులుండి వారానికి 3 తీరుతుంటే ఒక్కోటి సగటున 4 వారాలు పడుతుంది. అదే వేగంతో చేతిలో 6 మాత్రమే ఉంచితే 2 వారాలు. మనుషులు పెరగలేదు, గుమస్తా అడిగినది తొందరగా వస్తుంది. కాటా ఆగిపోవడం లాంటిదానికి విడిగా ఒక వరుస ఉంచండి, అందులో ఎప్పుడూ ఒక్కటే ఉండాలి.

కొత్త వెర్షన్ పగలు ఎక్కించొద్దు. రాత్రి ఎక్కించేముందు బ్యాకప్ తీసి, పాత వెర్షన్‌ను 10 నిమిషాల్లో తిరిగి పెట్టగలరా అని ఆఫీసులో ఒకసారి చేసి చూడండి.

పానగల్లు_తొవ్వ

సరే అన్నా. సోమవారం కాటా కాడికి పోతున్నం. లాప్‌టాప్, కన్వర్టర్ రెండు రకాలు, సీరియల్ కేబుల్ పెట్టుకున్న. ఇంకేమన్న కావాల్నా?

ఎడమకాలువ

నల్-మోడెమ్ అడాప్టర్ ఒకటి పెట్టుకో తమ్మీ. కొన్ని ఇండికేటర్లకు 2, 3 పిన్నులు తిరగేసి ఉంటయ్. అన్నీ సరిగ్గ పెట్టినా స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాకుంటే ముందు అదే చూడు. ఇండికేటర్ వెనక ఉన్న మోడల్ నంబర్ పలక ఫోటో తీసుకొచ్చి ఈడ పెట్టు, ఆగకుండ పంపేదో బటన్ ఒత్తితే పంపేదో మాన్యువల్‌ల చూసి చెప్త.